పర్యావరణ లక్ష్యాలు నిజంగా పనిచేస్తున్నాయా? మదింపు చేసే పద్ధతి, మెట్టు మెట్టుగా

జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద ఉన్న 130 నగరాల్లో 97 చోట్ల, 2017-18తో పోలిస్తే 2023-24లో గాలిలో పీఎం10 ధూళి తగ్గిందని కేంద్రం ప్రకటించింది. ఈ ఒక్క వాక్యం మీద రెండు వార్తలు రాయొచ్చు. "నాలుగింట మూడొంతుల నగరాల్లో గాలి మెరుగు" అని ఒకటి. "ఆరేళ్లయినా 33 నగరాల్లో మెరుగు లేదు" అని ఇంకోటి. రెండూ అబద్ధం కాదు. కానీ చదివేవాడికి కావాల్సిన సంగతి రెండింట్లోనూ ఉండదు. అసలు ఈ లక్ష్యం పెట్టుకోవడం వల్ల ఏమైనా మారిందా? లేక ఎలాగూ మారేదేనా? అంకె మారింది సరే, గాలి మారిందా?

ఇలాంటి ప్రశ్నలకు సొంతంగా జవాబు వెతుక్కోవాలనుకునే విలేకరులకు, విద్యార్థులకు, కాలనీ సంఘాల వాళ్లకు, పోటీ పరీక్షల్లో వ్యాసం రాయాల్సిన వాళ్లకు పనికొస్తుందని ఈ మార్గదర్శి రాస్తున్నాను. పెద్ద గణాంక శాస్త్రం అక్కర్లేదు. ఒక స్ప్రెడ్‌షీట్, ప్రభుత్వ పత్రాలు చదివే ఓపిక ఉంటే చాలు. ఓపికే కాస్త ఎక్కువ కావాలి.

మొదలుపెట్టే ముందు: దేనికి మార్కులు వేస్తున్నాం?

లక్ష్యం వేరు, లక్ష్యాల వ్యవస్థ వేరు. లక్ష్యమంటే ఒక అంకె, ఒక గడువు. వ్యవస్థ అంటే ఆ అంకెను ఎవరు ఎంచుకున్నారు, ఎలా కొలుస్తారు, డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది, ఎవరు జవాబుదారీ, దారి తప్పితే ఎవరు దిద్దుతారు అన్నదంతా.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో స్వీడన్‌ను చూస్తే తెలుస్తుంది. అక్కడి పార్లమెంటు 1999లో 15 పర్యావరణ లక్ష్యాలను ఆమోదించింది. 2005లో జీవవైవిధ్యం మీద 16వది చేర్చింది. చాలావాటికి 2020 గడువు. గడువు వచ్చేసరికి అత్యధిక లక్ష్యాలు చేరలేదు. ఆ మాట చెప్పింది ప్రతిపక్షమో, ఏదో స్వచ్ఛంద సంస్థో కాదు, లక్ష్యాలను సమన్వయం చేసే ప్రభుత్వ పర్యావరణ సంస్థే. ఏటా ఒక సమీక్ష, నాలుగేళ్లకోసారి లోతైన మదింపు వాళ్ల పద్ధతి. పైగా "మా దేశంలో సమస్య తీర్చుకోవడానికి సరిహద్దు అవతలి వాళ్లకు కాలుష్యం పెంచకూడదు" అన్నది కూడా వాళ్లు రాసుకున్న లక్ష్యంలో భాగం.

మరి స్వీడన్ వ్యవస్థ విఫలమైనట్టా? నేనలా అనను. సులువైన లక్ష్యం పెట్టుకుని చేరినవాడి కంటే, కష్టమైనది పెట్టుకుని ఎక్కడ, ఎందుకు తప్పుతున్నాడో ఏటా రాసి పెట్టేవాడి వ్యవస్థే గట్టిది. కాబట్టి ఈ మార్గదర్శి అంతటా ఒకటే గీటురాయి వాడతాను: దారి తప్పుతున్నామని ఈ వ్యవస్థకు ఎంత తొందరగా తెలుస్తుంది, తెలిశాక ఏం మార్చుకుంటుంది?

మన దేశంలో స్వీడన్ లాగా ఒకే పట్టిక లేదు. గాలికి ఒక కార్యక్రమం, అడవికి 1988 నాటి జాతీయ విధానం, గంగకు నమామి గంగే, వాతావరణ మార్పు మీద పారిస్ ఒప్పందం కింద ఇచ్చిన హామీలు, వీటిలో కొన్నింటిని కలిపి ర్యాంకులిచ్చే నీతి ఆయోగ్ సుస్థిరాభివృద్ధి సూచీ. అన్నీ ఒకేసారి పట్టుకోకండి, ఒక్కటి ఎంచుకోండి. నేను ఇక్కడ ఎక్కువగా గాలి కార్యక్రమాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు సహా 13 ఊళ్లు, తెలంగాణలో హైదరాబాద్, పటాన్‌చెరు, సంగారెడ్డి, నల్గొండ అందులో ఉన్నాయి కాబట్టి మన పాఠకులకు డేటా చేతికందే దూరంలోనే ఉంటుంది.

మెట్టు 1: లక్ష్యాన్ని ఒక్క వాక్యంలో రాయండి, పాత రూపం పక్కనే పెట్టండి

ఏది, ఎంత, ఎప్పటితో పోలిస్తే, ఎప్పటికల్లా, ఎవరి బాధ్యత. ఈ ఐదూ ఒక వాక్యంలో పట్టాలి. పట్టకపోతే ఏ ముక్క దొరకడం లేదో అదే మీ మొదటి ఫలితం. "నదులను పునరుజ్జీవింపజేస్తాం" అన్న మాటలో ఈ ఐదింటిలో ఒక్కటీ లేదు.

పత్రికల్లో వచ్చిన వాక్యం వాడొద్దు, అసలు పత్రం తెరవండి. ఒక్కదానితో ఆగకుండా, తర్వాత వచ్చిన సవరణలూ చూడండి. 2019 జనవరిలో మొదలైనప్పుడు స్వచ్ఛ వాయు కార్యక్రమం 102 నగరాలకు. 2017తో పోలిస్తే 2024కల్లా పీఎం10, అంతకంటే సన్నటి ధూళి పీఎం2.5 రెండూ 20 నుంచి 30 శాతం తగ్గాలి. తర్వాత నగరాల జాబితా పెరిగింది. లక్ష్యం కూడా మారింది: 2025-26కల్లా 40 శాతం తగ్గించడం, లేదా జాతీయ ప్రమాణాన్ని అందుకోవడం. వినడానికి లక్ష్యం పెద్దదైనట్టే ఉంది. కానీ రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మూడు సంగతులు బయటపడతాయి. గడువు పొడిగించారు. "లేదా" వచ్చి చేరింది. నగరాల పనితీరు లెక్క పీఎం10 ఒక్కదాని మీదికి వచ్చేసింది, పీఎం2.5 పక్కకు పోయింది.

లక్ష్యం మారడం తప్పు కాదు. ఎందుకు మార్చారో రాసిన కాగితం ఉందా లేదా అన్నది చూడండి. ఉంటే అది నేర్చుకునే వ్యవస్థ. లేకపోతే గోల్‌పోస్టు జరిపారని అనుమానించడంలో తప్పులేదు.

మెట్టు 2: అంకె దేన్ని కొలుస్తోంది, దేన్ని వదిలేస్తోంది?

మదింపులో సగం పని ఇక్కడే తేలిపోతుంది. అందుకే దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి.

గాలి సంగతే చూద్దాం. పీఎం10 అంటే 10 మైక్రాన్ల వరకు ఉన్న కణాలన్నీ. అందులో రోడ్డు దుమ్ము, తవ్వకాల దుమ్ము, మట్టి చాలా ఉంటాయి. పీఎం2.5 అంతకంటే సన్నం. ఎక్కువగా మండించడం వల్ల పుడుతుంది: డీజిల్, బొగ్గు, చెత్త, కట్టెలు. ఊపిరితిత్తుల అడుక్కి పోయేది, గుండె మీద ప్రభావం చూపేది ప్రధానంగా ఈ సన్న ధూళే. ఇప్పుడు ఒక కమిషనర్ కుర్చీలో కూర్చుని ఆలోచించండి. నిధులు పీఎం10 తగ్గుదలను బట్టి వస్తాయి. ఫ్యాక్టరీలతో గొడవ పెట్టుకోవడం కంటే రోడ్లు ఊడ్చే యంత్రాలు కొనడం, నీళ్లు చిమ్మే బండ్లు తిప్పడం ఎంత సులువు! జరిగిందీ అదే. సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో వేసిన లెక్కలో ఖర్చయిన నిధుల్లో 64 శాతం రోడ్డు దుమ్ము పనులకే పోయాయి. పరిశ్రమల కాలుష్యం మీద పెట్టింది ఒక్క శాతం కూడా లేదు. ఇందులో ఎవరి దురుద్దేశమూ వెతకక్కర్లేదు. ఏ అంకెకు డబ్బు ముడిపెడితే పని ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది.

అడవిది ఇంకా చిత్రమైన కథ. దేశ భూభాగంలో మూడో వంతు అడవి లేదా చెట్ల కింద ఉండాలన్నది 1988 విధానం. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2023 నివేదిక ప్రకారం అడవి విస్తీర్ణం 21.76 శాతం, విడి చెట్లతో కలిపితే 25.17 శాతం. ఇక్కడ "అడవి" అంటే ఏమిటో నిర్వచనం చదవండి: ఒక హెక్టారు, ఆపైన ఉన్న భూమిలో చెట్ల నీడ 10 శాతం దాటితే అది అడవి విస్తీర్ణమే. ఆ భూమి ఎవరిదైనా, అందులో ఏ చెట్లున్నా సరే. అంటే నూజివీడు మామిడి తోట, ప్రకాశం జిల్లా జామాయిల్ తోట, శ్రీకాకుళం జీడిమామిడి, కోస్తా తీరం సరుగుడు కూడా ఉపగ్రహం కంటికి అడవే. నల్లమలలో పాత అడవి కొంత పోయి, మరోచోట అంతే విస్తీర్ణంలో జామాయిల్ వేస్తే లెక్కలో ఏమీ మారదు. పులికి మాత్రం అంతా మారిపోతుంది.

ఇదే పరీక్ష కరెంటుకూ పెట్టండి. స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే ఉండాలన్న 2030 లక్ష్యాన్ని భారత్ 2025లోనే, ఐదేళ్లు ముందుగా చేరుకుంది. నిజంగా మెచ్చుకోవాల్సిందే. కానీ సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. సౌర పలక రాత్రి పనిచేయదు. దేశంలో తయారయ్యే కరెంటులో 70 శాతానికి పైగా ఇప్పటికీ బొగ్గుదే. లక్ష్యం చేరిన రోజున చిమ్నీల్లోంచి వచ్చే పొగ సగం కాలేదు.

చేయాల్సిన పని: ఒక కాగితం మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమ వైపు ప్రజలకు నిజంగా కావాల్సింది రాయండి, ఉదాహరణకు "జబ్బు చేయని గాలి". కుడి వైపు ప్రభుత్వం కొలుస్తున్నది రాయండి. ఎడమ వైపుది బాగుపడకుండానే కుడి వైపు అంకె బాగుపడే దారులు ఎన్ని ఉన్నాయో కింద రాయండి. దారులు ఎక్కువైతే ఆ సూచిక బలహీనం.

మెట్టు 3: కొలిచే చేతిని కొలవండి

సూచిక మంచిదే అనుకుందాం. కొలత మాటేమిటి?

మాన్యువల్ కేంద్రాల్లో గాలిని వారానికి రెండు రోజుల చొప్పున, ఏడాదికి 104 రోజులు కొలవాలన్నది నిబంధన. నిరంతరం కొలిచే ఆటోమేటిక్ కేంద్రాలు వేరు. 2017-18లో చాలా ఊళ్లలో మాన్యువల్ కేంద్రాలే దిక్కు. తర్వాత ఆటోమేటిక్‌వి పెరిగాయి. పాత సగటు ఒక రకం యంత్రాలది, కొత్త సగటు రెండు రకాలూ కలిసినది అయితే, ఆ రెండింటి మధ్య తేడాలో గాలి వాటా ఎంత, యంత్రం వాటా ఎంత? బస్టాండు పక్కన ఒకే కేంద్రం ఉన్న ఊళ్లో, యూనివర్సిటీ చెట్ల మధ్య ఇంకోటి పెడితే ఊరి సగటు మర్నాడే తగ్గుతుంది. గాలి మాత్రం నిన్నటిదే.

అందుకని ఊరి సగటును నమ్ముకోకండి. కేంద్రాల వారీగా డేటా తీసుకోండి. మొదటి ఏడాదీ చివరి ఏడాదీ రెండింట్లోనూ ఉన్న కేంద్రాలను మాత్రమే పోల్చండి. ఏడాదిలో 75 శాతం రోజుల డేటా కూడా లేని కేంద్రాన్ని నేనైతే పక్కన పెడతాను. ఆ డేటా ఏ నెలల్లో లేదో కూడా చూడండి. చలికాలంలో యంత్రం మూలన పడితే ఏడాది సగటు అందంగా కనిపిస్తుంది.

నదుల్లో దీనికి తిరగేసిన ఉదాహరణ దొరుకుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గుర్తించిన కలుషిత నదీ భాగాలు 2015లో 302. 2018లో 351 అయ్యాయి. 2022 నివేదికలో 311. 2018లో పెరిగింది చూసి నదులన్నీ ఒక్కసారిగా పాడైపోయాయని అనుకోలేం. ఎక్కువ చోట్ల పరీక్షిస్తే ఎక్కువ మురికి దొరుకుతుంది. తర్వాత తగ్గిందని పండగ చేసుకునే ముందు కూడా ఇదే జాగ్రత్త కావాలి: లీటరుకు 3 మిల్లీగ్రాముల బీఓడీ (నీళ్లలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్, ఇది ఎక్కువైతే మురికి ఎక్కువని అర్థం) అనే గీతకు అటూ ఇటూ ఉన్న భాగాలు దాటాయా, లేక మూసీ లాంటి బాగా పాడైన నదులు కూడా కదిలాయా?

పద్ధతి మారిన సంవత్సరాన్ని గ్రాఫులో ఎర్ర గీతతో గుర్తించండి. అడవి నివేదికల్లో 1999లో 19.39 శాతం ఉన్న విస్తీర్ణం 2001కల్లా 20.55 శాతమైంది. రెండేళ్లలో 38 వేల చదరపు కిలోమీటర్ల అడవి మొలవదు కదా! ఆ ఏడాది దేశం మొత్తానికీ డిజిటల్ పద్ధతి వచ్చింది, పటాల స్కేలు సన్నబడింది, చిన్న చిన్న ముక్కలు కూడా లెక్కలోకి వచ్చాయి. అలాంటి గీత దాటి అటూ ఇటూ అంకెలు పోల్చే వ్యాసం మీ కంటపడితే, మిగతాది చదవక్కర్లేదు.

మెట్టు 4: బేస్ ఇయర్, వాతావరణం

శాతాల్లో చెప్పిన లక్ష్యం ఎక్కడ మొదలైందన్నదాని మీద ఆధారపడుతుంది. పీఎం10 ఏడాది సగటు ఘనపు మీటరు గాలికి 200 మైక్రోగ్రాములున్న నగరం 40 శాతం తగ్గిస్తే 120కి వస్తుంది, లక్ష్యం చేరినట్టే. మన జాతీయ ప్రమాణం 60. అంటే లక్ష్యం చేరాక కూడా ప్రమాణానికి రెట్టింపు. ఇక ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు 15. ఇంకో ఊరు 70తో మొదలై 62కి వచ్చిందనుకోండి, అక్కడ జనం పీల్చేది మొదటి ఊరి గాలిలో సగం ధూళే, కానీ కాగితం మీద ఆ ఊరు ఫెయిల్. కాబట్టి శాతం పక్కన అసలు అంకె లేకుండా ఏ పట్టికా తయారుచేయొద్దు.

బేస్ ఇయర్, అంటే పోలికకు మొదలుగా తీసుకున్న ఏడాది, మామూలు సంవత్సరమా, బాగా చెడ్డ సంవత్సరమా? బాగా చెడ్డదైతే తర్వాత ఏమీ చేయకపోయినా తగ్గుతుంది. 2020-21లో లాక్‌డౌన్ వల్ల గాలి శుభ్రపడింది, దాన్ని ఎవరి ఖాతాలోనూ వేయలేం. వానలు ఎక్కువ పడిన ఏడాది దుమ్ము అణుగుతుంది. అందుకే ఒక ఏడాదిని ఇంకో ఏడాదితో కాక మూడేళ్ల సగటును మూడేళ్ల సగటుతో పోల్చండి. వీలైతే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా విడిగా చూడండి. వానాకాలం అన్ని ఊళ్లనూ మంచి పిల్లల్లా చూపిస్తుంది.

మెట్టు 5: రూపాయి వెనకాల నడవండి

డబ్బు, పని, పని వల్ల తయారైనది, దానివల్ల వచ్చిన మార్పు. ఈ నాలుగు అడుగుల్లో మన నివేదికలు సాధారణంగా మూడో అడుగు దగ్గరే ఆగిపోతాయి. ఎన్ని మొక్కలు నాటారు, ఎన్ని ప్లాంట్లు కట్టారు, ఎన్ని అవగాహన ర్యాలీలు తీశారు.

గంగానది ఇందుకు పాత పాఠం. 1986లో గంగా కార్యాచరణ పథకం వచ్చింది. మురుగు శుద్ధి కేంద్రాలు కట్టారు. చాలాచోట్ల కరెంటు లేక, నడిపే డబ్బు లేక, ఇళ్ల నుంచి కేంద్రం దాకా పైపులైను లేక అవి పూర్తిగా నడవలేదు. 2014లో 20 వేల కోట్లతో నమామి గంగే మొదలైనప్పుడు, ఆ పాత లోపాన్ని దృష్టిలో పెట్టుకుని కేంద్రాలను ఏళ్ల తరబడి నడిపే బాధ్యతనూ కాంట్రాక్టులోనే కలిపారు. వ్యవస్థ నేర్చుకోవడం అంటే ఇలాంటిది. మీ మదింపులో ఇలాంటి మంచి మార్పు కనబడితే దాన్నీ రాయండి. తప్పులు మాత్రమే ఏరితే చదివేవాళ్లు మీ అంకెలను కూడా అనుమానిస్తారు.

మురుగు శుద్ధి కేంద్రం మీద అడగాల్సిన ప్రశ్నలు మూడే: సామర్థ్యం ఎంత, రోజూ లోపలికి వస్తున్న మురుగు ఎంత, బయటికి పోతున్న నీటి బీఓడీ ఎంత. ప్రారంభోత్సవ శిలాఫలకం మీద మొదటిది మాత్రమే ఉంటుంది.

మొక్కలదీ ఇదే తీరు. 2015లో తెలంగాణ హరితహారం మొదలైనప్పుడు పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలని, అందుకు 230 కోట్ల మొక్కలు కావాలని లెక్క వేశారు. శాతం అసలు లక్ష్యం, మొక్కల సంఖ్య దానికి దారి. సమీక్షా సమావేశాల్లో రెండోదే ఎక్కువ వినబడేది. మూడేళ్ల తర్వాత బతికున్నవి ఎన్ని అన్న అంకె ఏ స్థాయిలో, ఎవరి దగ్గర ఉందో అడగండి. పంచాయతీ స్థాయిలో బతికిన మొక్కల శాతాన్ని 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం సర్పంచుల, కార్యదర్శుల బాధ్యతతో ముడిపెట్టింది. లక్ష్యాన్ని మనిషికి ముడిపెట్టిన అరుదైన ఉదాహరణ అది. అది న్యాయమా, నీళ్ల ట్యాంకరుకు డబ్బులివ్వకుండా సర్పంచును అడగొచ్చా అన్నది వేరే చర్చ.

మెట్టు 6: ఈ లక్ష్యం లేకపోయి ఉంటే?

మదింపులో ఇది అన్నిటికంటే కష్టం. పూర్తి జవాబు ఎవరికీ దొరకదు. అయినా అడగకుండా వదిలేయకూడదు.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 (కాలుష్యం తక్కువ వదలాలన్న కొత్త ప్రమాణం) ఇంధనం, వాహనాలు వచ్చాయి. ఇళ్లలో గ్యాస్ పొయ్యిలు పెరిగాయి. వీటివల్ల గాలి కొంత బాగుపడితే అది స్వచ్ఛ వాయు కార్యక్రమం గొప్ప కాదు. వాటి వాటా తీసేయడానికి సామాన్యులకు అందుబాటులో ఉన్న దారి పోలిక. నల్గొండ కార్యక్రమంలో ఉంది, వరంగల్, కరీంనగర్ లేవు. నెల్లూరు ఉంది, తిరుపతి, కాకినాడ లేవు. కార్యక్రమంలో ఉన్న ఊరూ లేని ఊరూ ఒకే తీరుగా తగ్గాయంటే, ఆ తగ్గుదలకు కారణం కార్యక్రమం కాకపోవచ్చు. ఉన్న ఊరు గట్టిగా తగ్గితే ఏదో జరిగిందన్నమాట, ఏం జరిగిందో వెతకండి. రెండు ఊళ్ల మధ్య వంద తేడాలుంటాయి కాబట్టి దీన్ని రుజువు అనొద్దు, ఆనవాలు అనండి.

ఊరి కాలుష్యానికి మూలం ఏమిటో, అక్కడ చేసిన పని ఏమిటో పక్కపక్కన పెట్టడం రెండో దారి. విశాఖ కొండల మధ్య గిన్నెలాంటి చోట ఉంది, పక్కనే పోర్టు, రిఫైనరీ, ఉక్కు ఫ్యాక్టరీ. అక్కడ బొగ్గు, ఖనిజాల ధూళి వాటా ఎంతని మూలాల అధ్యయనం చెప్పింది, కార్యాచరణలో దాని మీద ఎన్ని పనులున్నాయి? రోడ్డు ఊడ్చే యంత్రం యార్డులో కుప్పపోసిన బొగ్గును ఏమీ చేయలేదు. మూలం ఒకచోట, ఖర్చు ఇంకోచోట ఉంటే, అంకె తగ్గినా ఆ తగ్గుదలను కార్యక్రమం ఖాతాలో వేయకండి.

మెట్టు 7: గడువు దాటితే ఏమవుతుంది?

నా అనుభవంలో ఒక వ్యవస్థ గట్టిదో కాదో ఈ ఒక్క ప్రశ్నతో చాలావరకు తేలిపోతుంది.

బొగ్గు విద్యుత్ కేంద్రాల కథ తీసుకోండి. 2015 డిసెంబరులో సల్ఫర్ డయాక్సైడ్ మీద కొత్త ప్రమాణాలు ప్రకటించారు, రెండేళ్ల గడువు. 2017లో దాన్ని 2022 దాకా జరిపారు. ఆ తర్వాత ప్లాంట్లను వర్గాలుగా విడగొట్టి, ఒక్కో వర్గానికి ఒక్కో గడువు పెట్టి, మళ్లీ మళ్లీ పొడిగించారు. చివరికి 2025 జులైలో దేశంలోని దాదాపు 78 శాతం ప్లాంట్లకు ఆ గంధకం తీసే యంత్రాలే తప్పనిసరి కాదన్నారు. మన బొగ్గులో గంధకం తక్కువనీ, ఖర్చుకు తగ్గ ఫలితం లేదనీ ప్రభుత్వ వాదన. ఆ వాదన సరైనదే అనుకున్నా, పదేళ్ల కిందట ప్రమాణం రాసేటప్పుడు ఆ లెక్క ఎందుకు వేయలేదు? ఈలోగా గడువు నమ్మి కోట్లు ఖర్చుపెట్టిన ప్లాంటు ఏం నేర్చుకుంది? ఇంకోసారి గడువు పెడితే ఆగి చూద్దామనే కదా.

ఎవరు తనిఖీ చేస్తున్నారన్నది కూడా ఇక్కడే చూడాలి. నగరమే పని చేసి, నగరమే ప్రగతి నివేదిక అప్‌లోడ్ చేస్తే, అది విద్యార్థి తన పేపరు తానే దిద్దుకోవడమే. బ్రిటన్ 2021 చట్టంతో పర్యావరణ రక్షణ కార్యాలయం అనే విడి సంస్థ పెట్టుకుంది. 2023 జనవరిలో ఆ సంస్థ, తాను పరిశీలించిన 23 లక్ష్యాల్లో ఒక్కటి కూడా దారిలో ఉన్నట్టు కనబడటం లేదని సొంత ప్రభుత్వానికే చెప్పింది. మనకు ప్రత్యేకంగా అలాంటిది లేదు. కాగ్ పనితీరు ఆడిట్లు, పార్లమెంటు స్థాయీ సంఘాల నివేదికలు, హరిత ట్రైబ్యునల్ ఉత్తర్వులు ఉన్నాయి. కాగ్ నివేదికలు ఆలస్యంగా వస్తాయి, కానీ శుద్ధి కేంద్రం దాకా వెళ్లి తాళం చూసి వచ్చిన వివరాలు వాటిలోనే ఉంటాయి. పొడి భాషకు భయపడకుండా చదవండి.

మెట్టు 8: ఒక లక్ష్యం ఇంకో లక్ష్యాన్ని తినేస్తోందా?

దీన్ని చాలామంది మర్చిపోతారు. సౌర, పవన విద్యుత్తు లక్ష్యం మంచిదే. రాజస్థాన్, గుజరాత్‌లలో ఆ కరెంటు తీగలకు తగిలి బట్టమేక పిట్టలు చనిపోతున్నాయని కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021లో తీగలు భూమిలో వేయమన్న కోర్టు, అది అంతటా సాధ్యం కాదని 2024లో ఉత్తర్వు సడలించి నిపుణుల కమిటీ వేసింది. మన రోళ్లపాడు అభయారణ్యం పెట్టింది కూడా ఆ పిట్ట కోసమే. వ్యవస్థ మంచిదైతే ఇలాంటి గొడవ కోర్టుకు వెళ్లకముందే పట్టుకునే ఏర్పాటు ఒకటి దానిలోనే ఉండాలి. ఉందో లేదో రాయండి, చాలు.

మెట్టు 9: తీర్పు రాయడం

అన్నీ కలిపి ఒక్క మార్కు ఇవ్వాలన్న ఆశ పుడుతుంది. ఆపుకోండి. నీతి ఆయోగ్ సూచీలో దేశం స్కోరు 2018లో 57, 2023-24లో 71. బాగుంది. కానీ మొదటిసారి 62 సూచికలు, చివరిసారి 113. కొలిచే జాబితాయే మారినప్పుడు ఆ 14 మార్కుల్లో దేశం మారింది ఎంత, జాబితా మారింది ఎంత అన్నది ఆ ఒక్క అంకెలోంచి బయటికి రాదు.

దాని బదులు నాలుగు విడి వాక్యాలు రాయండి. పరిస్థితి ఎటు కదులుతోంది. లక్ష్యానికి ఎంత దూరం. ఆ కదలికలో కార్యక్రమం వాటా ఉందనడానికి ఆనవాలు ఏమిటి. తప్పును పట్టుకుని దిద్దుకున్న సందర్భం ఒక్కటైనా ఉందా. ప్రతి వాక్యం చివర మీ నమ్మకం ఎంతో చెప్పండి: గట్టిగా, మోస్తరుగా, అంతంతమాత్రంగా. పరిశోధన పత్రాల్లో ఇలా రాయడం మామూలే, పత్రికల్లో ఎందుకో అలవాటు కాలేదు.

పెద్ద లక్ష్యాన్ని ముక్కలు చేసి కూడా చూపించండి. 2022కల్లా 175 గిగావాట్ల పునరుత్పాదక విద్యుత్తు అన్నది లక్ష్యం, ఆ ఏడాది చివరికి వచ్చింది సుమారు 120. "మూడింట రెండొంతులు" అని ఊరుకుంటే అసలు సంగతి పోతుంది. ఇళ్ల కప్పుల మీద 40 గిగావాట్లు రావాల్సి ఉండగా పదో వంతుకు పైన, నాలుగో వంతుకు బాగా కిందే ఆగిపోయింది. పెద్ద సౌర పార్కుల్లో పని నడిచింది, ఇంటి కప్పు దగ్గర నడవలేదు. తర్వాతి విధానం ఎక్కడ మారాలో ఆ ముక్కే చెబుతుంది.

డేటా దొరక్కపోతే

ముందు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైటు, 2021లో వచ్చిన 'ప్రాణ' పోర్టల్ చూడండి. తర్వాత లోక్‌సభ, రాజ్యసభ ప్రశ్నల జవాబులు. నగరాల వారీ పట్టికలు వాటి అనుబంధాల్లో దొరుకుతాయి. అక్కడా లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు. కేంద్ర సంస్థలకైతే రుసుము 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి.

దరఖాస్తులో "ఏం చర్యలు తీసుకున్నారు" అని అడిగితే రెండు పేజీల నీతులు వస్తాయి. "ఫలానా కేంద్రంలో ఫలానా ఏడాది నెలవారీ పీఎం2.5 సగటు, కొలిచిన రోజుల సంఖ్య" అని అడగండి. "ఫలానా పద్దు కింద విడుదలైన మొత్తం, ఖర్చయిన మొత్తం, పనుల జాబితా" అని అడగండి. అభిప్రాయం అడగొద్దు, రికార్డు అడగండి. ఒక దరఖాస్తులో ఒకే విషయం ఉంటే తిప్పి పంపడానికి సాకు తక్కువ.

రాయడం అయ్యాక, ప్రచురించే ముందు సంబంధిత ఆఫీసుకు మీ అంకెలు పంపి వారం గడువివ్వండి. జవాబు వస్తే చేర్చండి, లెక్కలో తేడా చూపిస్తే సరిచేయండి, రాకపోతే రాలేదని రాయండి. స్ప్రెడ్‌షీట్‌ను కూడా అందరికీ తెరిచి పెట్టండి. వచ్చే ఏడాది కొత్త డేటా వచ్చినప్పుడు అదే షీటులో, అవే కేంద్రాలకు, అవే నిలువు వరుసలు నింపండి. మధ్యలో వరుసల పేర్లు మార్చాల్సి వస్తే, ఎందుకు మార్చారో పక్కన ఒక లైను రాసి పెట్టండి.